మళ్ళీ అడిగే మేడమ్‌గారు

పందొమ్మిదివందల తొంభై ఒకటి జూన్ నాలుగవ తేదీన మా మానసిక ఆరోగ్య సంస్థలో సహాయ పరిశోధకురాలిగా ప్రవేశించి, నేడు పరీక్షల విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న మేడమ్‌గారికి సహోద్యోగులందరి పక్షాన హృదయపూర్వక అభినందనలు. రోగులను అడిగే ప్రశ్నావళులు నమ్మదగినవో కావో తేల్చడం వారి వృత్తి. నేడు అడిగిన ప్రశ్నలనే అదే మనిషిని పక్షం తరువాత మళ్ళీ అడిగి, జవాబులు ఎంతవరకు కలిశాయో చూసేవారు. అందుకే ‘మళ్ళీ మేడమ్’ అనే పేరు స్థిరపడిపోయింది. టీ ఎలా ఉందని వారడిగినా మేమంతా ఆచితూచి జవాబిచ్చేవాళ్ళం.

వారు ఉపవిభాగాధిపతి అయిన ఏడాది, ఒక కొత్త ప్రశ్నావళిని పరీక్షిస్తున్నారు. ప్రాణం తీసుకోబోయి బతికిన గడియారాల మెకానిక్ ఒకాయన రెండు విడతల్లోనూ అక్షరం పొల్లుపోకుండా అవే జవాబులు చెప్పాడు. విభాగమంతా సంబరపడింది. డాక్టరుగారు ఆయన్ని ఇంటికి పంపడానికి సిద్ధమయ్యారు. మేడమ్‌గారికి మాత్రం మనసు కీడు శంకించింది. మనిషన్నవాడు పదిహేను రోజుల్లో కొంచెం కూడా మారకుండా ఉండడం వారు ఎన్నడూ చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం వారు వార్డుకు వెళ్ళి, నిద్ర, ఆకలి అని ఎప్పటి వరుసలో కాకుండా, ప్రశ్నలను చివరి నుంచి మొదలుపెట్టారు.

“బతకాలని లేదనిపిస్తోందా అండీ?”

“బాగానే పడుతోందండి నిద్ర,” అన్నాడాయన మర్యాదగా.

అది మొదటి ప్రశ్నకు జవాబని మేడమ్‌గారు గుర్తుపట్టారు. ఇంకేమీ అడగకుండా ఊరుకున్నారు. సరిగ్గా ఒక ప్రశ్న అడగడానికి పట్టేంత సేపు ఆగి, ఆయన మళ్ళీ అన్నాడు. “ఆకలి కూడా బాగానే ఉందండి.”

“నేనేమీ అడగలేదండీ. ఈ జవాబులు ఎవరు చెబుతున్నారు?”

ఆయన గోడవైపు తిరిగాడు. “ఇంటికెళ్ళాల్సినవాడు. వాడికన్నీ కంఠతా వచ్చు. నన్నెవరూ అడగలేదు కదండీ.”

“ఇప్పుడు అడుగుతున్నాను.”

“నన్ను పంపొద్దండి,” అన్నాడాయన. అంతవరకు ఎవరూ వినని గొంతు అది.

బయట సంచి సర్దుకుని నిలబడ్డ ఆయన భార్య మండిపడింది. “బాగున్నానని ఆయనే అంటుంటే కాదనడానికి మీరెవరండీ?”

“నన్ను ఎన్నైనా తిట్టండమ్మా, పడతాను. ఆయన్ని మాత్రం తీసుకెళ్ళకండి,” అన్నారు మేడమ్‌గారు. డాక్టరుగారితోనూ పట్టుబట్టి ప్రయాణం ఆపించారు. కొన్ని నెలల తరువాత, ఆ మెకానిక్ జవాబులు ఒక పూటకూ మరో పూటకూ పొంతన లేకుండా తయారయ్యాకనే, భార్య వెంట ఇంటికి పంపారు. కుదురులేని జవాబులు చూసి అంత ఆనందించిన పరిశోధకులు మా సంస్థలో మరొకరు లేరు. నాటి నుంచి అతిగా కలిసే జవాబులను మళ్ళీ పరిశీలించడం ఇక్కడ నియమమైంది.

గత వారం రోజులుగా ఎవరు పలకరించినా మేడమ్‌గారు “హాయిగా ఉంటానండి, ఇంక విశ్రాంతే కదా” అంటున్నారు. అదే మాట, అదే చిరునవ్వు. నిన్న వారి కుమార్తె ఇక్కడికి వచ్చి, అందరి ముందే తల్లి చేయి పట్టుకుంది. “అమ్మా, ఇది ఇంట్లో కూడా ఇలాగే చెబుతున్నావు. నిజంగా ఎలా ఉందే?”

మేడమ్‌గారి చిరునవ్వు కాసేపు అలాగే ఉండి, తరువాత చెదిరింది. “భయంగా ఉందమ్మా,” అన్నారు.

మేడమ్‌గారూ, తమరు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలనీ, తమ జవాబు విన్నాక కూడా మరోసారి అడిగే ఆప్తులు తమ చెంత సదా ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాం.