నా ముంజేతిలో మా బావమరిది

— తాతయ్యా, మీ ముంజేతి మీద ఆ గాటు మా తాతయ్య మూలంగా పడిందని నాన్న అన్నారు. మీరిద్దరూ అంతలా కొట్టుకున్నారా?

కొట్టుకోవడమా! మీ నాన్న ఏదీ సగం కంటే ఎక్కువ చెప్పడు, చిన్నప్పట్నించీ అంతే. రా, ఆ కుర్చీ ఇలా లాక్కో. ఫోను బల్ల మీద పెట్టావేంటి, రికార్డవుతోందా? సరే పెట్టు. మీ వట్లూరు నర్సింగు కాలేజీలో అందరికీ వినిపించు. ఉంగుటూరు దగ్గర ఇంత తెలివైన ముసలాడు ఒకడున్నాడని వాళ్ళకీ తెలియాలి కదా.

కొట్టుకోలేదు గానీ మాటల్లేవు, అది నిజం. నా బావమరిది, అంటే మీ తాతయ్య వెంకటరత్నం, నేనూ తొమ్మిదేళ్ళు మాట్లాడుకోలేదు. ఎందుకంటావా? నా చేను పక్కనే వాడి చేను. వాడు... తప్పు తప్పు, నీ ముందు వాడు అనకూడదు, మీ తాతయ్య తన చేను తవ్వించి చేపల చెరువు వేశాడు. కొల్లేరు పక్కన అందరూ వేస్తుంటే ఆయనా వేశాడు. ఆ ఏడు నా చేలో తడి ఆరలేదు, కోతలు ఆలస్యమయ్యాయి. నీ చెరువు ఊటే అన్నాను. కాదు బావా అన్నాడు. నేనేమో పదిమందిలో "ఇక నీ ఇంట్లో మజ్జిగ చుక్క కూడా ముట్టను" అనేశాను. ఏదో ఒకటి అనాలి కదా, నోటికి అదొచ్చింది. మీ మామ్మకి, అదే మా ఆవిడకి, సొంత తమ్ముడాయన. పాపం, పండక్కీ పబ్బానికీ ఒక్కర్తే వెళ్ళొచ్చేది. నేను ఇంట్లో కూర్చుని చల్లారిన అన్నమూ పౌరుషమూ కలుపుకు తినేవాణ్ణి. ఆ ఊట సంగతి ఇంకా ఉందిలే, తర్వాత చెప్తాను.

ఇక నా గొంతు. థైరాయిడ్ వాపమ్మా, మొదట నిమ్మకాయంత ఉండేది, బత్తాయంత అయ్యేదాకా కండువా చుట్టుకు తిరిగాను. ఎండాకాలంలో కూడా. జనమేమో షోకనుకునేవారు. చివరికి ఏలూరులో ఆపరేషన్ చేసి తీసేశారు. ఆ థైరాయిడ్ వెనకాల కందిగింజంత గ్రంథులు నాలుగుంటాయంట కదా, నువ్వు చదివే ఉంటావు, ఒంట్లో కాల్షియం సంగతి చూసేది అవేనంట. నావి ఆ వాపుకి అతుక్కుపోయి దాంతోపాటే వచ్చేశాయి. డాక్టరుగారు ముందే చెప్పారు అలా అవ్వచ్చని, నేను వినకుండానే తలూపి సంతకం పెట్టాను. అరవై ఏడేళ్ళు నా మెడలో కాపురమున్నవాటి పేరు, అవి పోయాక విన్నాను చూడు.

అక్కణ్ణించి మొదలు. పెదాల చుట్టూ చీమలు పాకినట్టుండేది. ఉన్నట్టుండి వేళ్ళు బిగుసుకుపోయేవి. గూడెంలో ఒక పెళ్ళికి వెళ్ళాం, ఎవరిదంటే... మీ మామ్మ పెదనాన్న మనవరాలిది. కాదు, మనవడిది. పోనీలే, ఎవరిదైతేనేం, బూరెలు బాగున్నాయి. అసలు నా పెళ్ళికి గూడెం నించి మనిషికి రూపాయి టిక్కెట్టు పెట్టుకుని బస్సులో వచ్చారు చుట్టాలు... అదలా ఉంచు. బూరె తీసుకుని నోటిదాకా తెచ్చానో లేదో, అయిదు వేళ్ళూ ఒక్కచోటికొచ్చి బిగుసుకుపోయాయి, మధ్యలో బూరె. నోట్లో పెట్టుకోలేను, విస్తట్లో వదల్లేను. చెయ్యలా పైకెత్తి కూర్చుంటే వడ్డించే ఆయన చూసి "ఇంకా కావాలా అండీ" అని రెండు వేశాడు. రెండో వరసకి వచ్చి మళ్ళీ రెండు. అత్తిలి చుట్టాలు ఎదురుగా కూర్చుని నా విస్తరే లెక్కెడుతున్నారు. చెప్పుకుంటే పరువు తక్కువని, "బూరెలు బ్రహ్మాండంగా ఉన్నాయండీ" అన్నాను నేను. మీ మామ్మే ఆడవాళ్ళ వరసలోంచి లేచొచ్చి, నన్ను బూరెతో సహా ఆసుపత్రికి తీసుకుపోయింది. నరంలోకి కాల్షియం ఎక్కిస్తే గానీ ఆ బూరె చేతిలోంచి ఊడలేదు.

ఆ తర్వాత రోజుకి పన్నెండు బిళ్ళలు. ఓ రోజు నాకో తెలివొచ్చింది. కాల్షియమంటే సున్నమే కదా, చెరువులకి బస్తాలకి బస్తాలు చల్లుతారు, చేపలకేం కావట్లేదు కదా అని తమలపాకుకి దండిగా సున్నం పట్టించి నమిలాను. నోరంతా పొక్కింది. నాలుగు రోజులు చారన్నం. నవ్వు, నవ్వు, మీ మామ్మ ఇంకా నవ్వుతూనే ఉంది.

అప్పటికే మీ తాతయ్యకి కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆ జబ్బులో ఈ గ్రంథులు ఊరికే ఉబ్బిపోయి ఎముకలు గుల్ల చేస్తాయంట. ఆయనకి తీసెయ్యాలన్నారు. చూడు విచిత్రం, నాకేమో లేక బాధ, ఆయనకేమో ఎక్కువై బాధ. ఇద్దర్నీ చూసే డాక్టరమ్మగారు ఒకరే. ఆవిడే నన్ను కూర్చోబెట్టి చెప్పింది, తీసేసేదాంట్లో ఒక ముక్క మీ ముంజేతి కండలో నాటి చూడొచ్చండీ, అయితే ఇది అంతటా చేసే వైద్యం కాదు, పట్టచ్చు, పట్టకపోవచ్చు, పట్టినా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం అని. మాది మేనరికం కదా, మీ తాతయ్య నాకు మేనమామ కొడుకు కూడాను, నెత్తురు పరీక్షలు బాగానే కలిశాయి. డాక్టరమ్మగారు అడగ్గానే ఆయన సరేనన్నాడంట.

నేను వద్దన్నాను. మజ్జిగ ముట్టనన్నవాణ్ణి, గ్రంథి ఎలా తీసుకుంటాను? మీ మామ్మ బియ్యం ఏరుతూ తలెత్తకుండా అంది కదా, "ఏవండీ, మీరు మజ్జిగ వద్దన్నారు గానీ గ్రంథి వద్దనలేదు కదా" అని. అయినా బిగిసే ఉన్నాను.

తర్వాత పదిరోజులు కూడా కాలేదు. గట్టు మీద నడుస్తున్నాను, గొంతు మూసుకుపోయింది. ఊపిరి లోపలికి పోదే! కేక వేద్దామంటే పిల్లి కూనలాంటి చప్పుడు. నిజం చెప్తున్నా తల్లీ, చచ్చిపోతున్నాననే అనుకున్నాను, చాలా భయమేసింది. పక్క చెరువులో మేత వేస్తున్నవాళ్ళు పరిగెత్తుకొచ్చి ఆటోలో ఏలూరు చేర్చారు. పక్క చెరువంటే ఎవరిదనుకున్నావు? మీ తాతయ్యదే. ఇక సంతకం పెట్టాను, ఈసారి చదివి మరీ పెట్టాను.

ఒకే రోజు ఇద్దరికీ ఆపరేషన్. ఆయనకి తీసినదాంట్లో ఒక ముక్క ఆయన ముంజేతిలోనే పెట్టారు, ఆయనకీ కొంచెం కావాలి కదా. ఇంకో ముక్క నాకు. పక్కపక్క మంచాలు. ఇద్దరం రెండు రోజులు పైన ఫ్యాను చూసుకుంటూ పడుకున్నాం. మూడో రోజు ఆయనే "నొప్పిగా ఉందా బావా" అన్నాడు. "లేదు" అన్నాను. తొమ్మిదేళ్ళ తర్వాత నా మొదటి మాట అది, అదీ అబద్ధం.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మగారు మరీ మరీ చెప్పింది, బిళ్ళలు ఆపొద్దు, నెలలు పడుతుంది అని. ఇక్కడ చూడమ్మా రైతుబుద్ధి. ఆకుమడిలోంచి తీసి చేలో ఊడ్చిన నారు, అదే నాటిన నారు, పదిరోజుల్లో వేరు పట్టి మూన తిరిగి పచ్చబడుతుంది. యాభై ఏళ్ళు చూశాను నేను, ఆవిడేం ఊడ్చిందీ అనుకున్నాను. రోజూ పొద్దున్నే చెయ్యి ఎండకి పెట్టి చూసుకునేవాణ్ణి. పదోరోజుకి గాటు ఎరుపు తగ్గింది. ఇంకేం, మూన తిరిగేసిందని బిళ్ళలు ఆపేశాను. పారెయ్యడానికి మనసొప్పదు కదా, గేదె కొత్తగా ఈనింది, తవుడులో కలిపి దానికి పెట్టాను. గేదె బ్రహ్మాండంగా ఉంది.

రెండో రోజు సాయంత్రం, నయమైపోయిందని చెప్పడానికి మీ ఇంటికి బయల్దేరాను. ఇస్త్రీ చొక్కా, భుజం మీద కండువా. తొమ్మిదేళ్ళ తర్వాత ఆ గుమ్మం తొక్కడం. మీ నాయనమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. గ్లాసు పట్టుకుని "పట్టేసింది వెంకటరత్నం" అన్నాను. అన్నానో లేదో చెయ్యి గ్లాసుకి అతుక్కుపోయింది. మజ్జిగంతా ఇస్త్రీ చొక్కా మీద.

మీ తాతయ్య ఆరోజే డయాలసిస్ నించి వచ్చి నీరసంగా పడుకున్నాడు. లేచొచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఒక్కో వేలూ మెల్లిగా నిమిరి, తీసి, నిమిరి, తీసి... గ్లాసు వచ్చాక "బిళ్ళలు మానేశారా బావా?" అన్నాడు. "గేదెకి పెట్టాను" అన్నాను. కోప్పడతాడనుకుంటే, "చేపపిల్లని వదిలిన మర్నాడే వల వేస్తారా ఎవరైనా? నీళ్ళకి అలవాటు పడనివ్వండి" అన్నాడు.

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆగలేక చెప్పేశాను. ఆ ఊట నీ చెరువుది కాదురా, నా గట్టులో కాలవ వైపు ఎండ్రకాయ బొరియలు, రెండో ఏడే చూశాను, నేనే పూడ్చుకున్నాను, నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు అని. ఆయన నా వేళ్ళు వదల్లేదు. "ఆ బొరియలు మీకంటే ముందే నేను చూశాను బావా. మీ నోటితో చెప్తారని ఆగాను" అన్నాడు. ఏడేళ్ళు ఆగాడు తల్లీ. నేనేమో ఆ ఏడేళ్ళూ నా పౌరుషం చూసి జడిసి ఊరుకున్నాడనుకున్నాను.

తర్వాత చెప్పినట్టు విన్నాను. ఒళ్ళు ఆ ముక్క మీద తిరగబడకుండా ఇంకో మందు కూడా వేశారు. కొన్ని నెలలకి రెండు చేతుల్లోంచీ నెత్తురు తీసి పోల్చి చూసి, ఈ చేతిలో మీ బావమరిది పని చేస్తున్నాడండీ అంది డాక్టరమ్మగారు. పన్నెండు బిళ్ళలు మూడయ్యాయి. పూర్తిగా పోలేదు, కానీ గొంతు మళ్ళీ మూసుకోలేదు. ఇక రోజూ సాయంత్రం మీ ఇంట్లోనే మజ్జిగ. రెండు గ్లాసులు. బాకీ తీర్చుకోవాలి కదా.

పోయిన వానాకాలం ఆయన వెళ్ళిపోయాడు. నువ్వు అప్పుడు పరీక్షల్లో ఉన్నావు, ఆలస్యంగా వచ్చావు, చూడలేదు. ఆ రోజు పొద్దున్నించీ నేను బిళ్ళ వేసుకోలేదు, ఎవరికి గుర్తుంటుంది? నోట్లో బియ్యం వెయ్యడానికి ఒక్కొక్కర్నీ పిలుస్తున్నారు. "మీరు రండి బావగారూ" అన్నారు. పిడికిట్లోకి బియ్యం తీసుకున్నాను. నాకు ఒకటే భయం. ఏడుపు కాదు, భయం. అంతమందిలో, ఆయన మొహం మీద, ఆ బూరెలాగా ఈ పిడికిలి బిగిసిపోతే? ఆయనకి పెట్టాల్సిన నాలుగు గింజలు నా చేతిలోనే ఉండిపోతే?

విచ్చుకుందమ్మా. ఒక్కో వేలూ మెల్లిగా, ఆయన తీసినట్టే విచ్చుకుంది. బియ్యం పడింది.

...

ఏదీ, నీ చెయ్యి ఇలా ఇవ్వు. ఇక్కడ, గాటు పక్కన. ఏమీ తగలదులే, కందిగింజంత. ఎన్నాళ్ళుంటాడో తెలీదు, అందుకే ఇప్పుడు ఒక్క పరీక్షా మానను, ఒక్క బిళ్ళా గేదెకి పెట్టను. నువ్వు రోగులకి మందులిచ్చేటప్పుడు, తలూపాడు కదా అని వదిలెయ్యకు తల్లీ, మళ్ళీ చెప్పించుకో. నాలాంటివాళ్ళు చాలామంది ఉంటారు. చల్లగా ఉండు, నీ చెయ్యి పడ్డవాళ్ళందరూ లేచి తిరగాలి. ఇదిగో, మామ్మ మజ్జిగ తెస్తోంది, తాగి వెళ్ళు... నాకూ ఒక గ్లాసు పెట్టమను, ఆయన వంతుది.