ఎర్ర రుమాలాయన

ఎమర్జెన్సీ పోయిన ఏడు, నాందేడ్ దిక్కు మాళెగావ్ జాతరల ఎడ్లు అమ్మనీకి ధర్మాబాద్ నుంచి వచ్చిన మొగడు పెండ్లాలు పొద్దుగాల బండి పక్కన కూసున్నరు. ఆమె చేతులు జొన్నరొట్టె కొడుతున్నయి గానీ, చెవులు మాత్రం ఆయన మాటల మీదనే ఉన్నయి.

“రాత్రి మరాఠోళ్ళ తమాషా ఆట డేరాల నా ఎనకాల ఎర్ర రుమాలు చుట్టుకున్నోడు ఒకడు కూసున్నడే. వాని ఈలకు నా చెవులు గుయ్యిమన్నయి.”

“ఏం సిగ్గులేనోడో! హంసాబాయి ఆడిందా?”

“ఆడింది. ఈడు మీద పడ్డది గదా పాపం, మూడో చుట్టుల కాలు జారింది.”

“జారలే! కావాల్ననే ఒరిగింది. ఒరిగి, మడిమె మీద గిర్రున లేచింది గదా!”

“నువ్వు బండిల పన్నవు గదనే. నీకెట్ల ఎర్క?”

పెంక మీద రొట్టె మాడుతున్నది. ఆమె తిప్పలేదు.

“జాతరంత గదే చెప్పుకుంటున్నరు.”

“గట్లనా. గా ఎర్ర రుమాలాయనైతే, ఆమె లేసి నిలబడంగనే ఎక్కెక్కి ఏడ్సిండు.”

“ఏడ్వడా మరి? నోర్లు తెరుసుకొని కూసున్న గంత మంది మొగోళ్ళను ఒక్కతి మడిమె మీద తిప్పింది!”

ఆయన మాడిన రొట్టెనే తుంచుకొని నోట్లె ఏసుకుండు.

“ఈ రాత్రి సుత ఆడుతదట. గాయనను ఈసారి నా పక్కనే కూసొమ్మను. కాని వచ్చేముందు కాళ్ళ మెట్టెలు తీసి రమ్మను.”