తప్పు ఎవరిదని రాయాలి

పోలీసు స్టేషన్లో రైటరు కాగితం ముందుకు లాక్కున్నాడు. నిన్న సాయంత్రం ప్రమాదంలో చనిపోయిన కారు డ్రైవరు భార్య ఎదురుగా కూర్చుంది.

“రోడ్డు మీద ఆగిన లారీకి వెనక లైట్లు లేవమ్మా. తప్పు లారీవాడిదని రాస్తున్నాను.”

“అప్పుడు ఆయన ఫోన్లో మాట్లాడుతున్నారండీ.”

“ఎవరితో?”

“నాతోనే. నేనే చేశాను, నెమ్మదిగా రమ్మని చెబుదామని.”

“అదంతా ఎందుకులేమ్మా. లారీవాడి తప్పు ఎలాగూ ఉంది.”

“ఉంటే ఉండనివ్వండి. ఇదీ రాయండి.”

“రాస్తే మీకేం ఒరుగుతుంది?”

“మా అత్తగారు పొద్దుట్నుంచి ఆ లారీవాణ్ణి తిట్టిపోస్తున్నారు. నేనూ పక్కన కూర్చుని తలూపుతున్నాను.”

రైటరు కలం కాగితం మీద ఆనించాడు.

“ఆయన చివరగా ఏమన్నారమ్మా?”

“‘నువ్వు ఫోను పెట్టెయ్, నెమ్మదిగానే వస్తాను’ అన్నారు. నేనే పెట్టలేదండీ.”