పాత మీటరు చెత్త బండిలో వేసింది నేనే

నా పేరు మాసమ్మ. భర్త పేరు దాసయ్య, చనిపోయి పదకొండేళ్లయింది. నా వయసు ఆధార్ కార్డులో అరవై ఎనిమిది, ఇంకో రెండేళ్లు ఎక్కువే ఉండవచ్చు. ఇళ్లు కట్టే చోట కూలి చేసేదాన్ని, మోకాళ్లు పోయాక ఇంట్లోనే ఉంటున్నాను. సొంతూరు మహబూబ్‌నగర్ జిల్లా. ఇప్పుడు అశోక్‌నగర్‌లో కిరాయి ఇంట్లో నా కొడుకు రాఘవేందర్‌తో ఉంటున్నాను. చదువు రాదు. అంకెలు గుర్తుపడతాను, బస్సు నంబర్లు చూసి నేర్చుకున్నవి.

నా కొడుకును పోలీసులు లోపల వేసి ఈ రోజుకు ఆరు రోజులు. కారు మీటరులో అంకె తగ్గించాడని, పాత మీటరును మాయం చేశాడని కేసు. అంకె వాడు తగ్గించలేదు. పాత మీటరును మాయం చేసింది నేను. ఆ మాట చెప్పడానికే మేజిస్ట్రేట్ మేడం గారి ముందుకు వచ్చాను.

నా కొడుకుకు చిక్కడపల్లిలో, లైబ్రరీ దగ్గరి సందులో షెడ్డు ఉంది. కార్ల వైరింగు, మీటర్లు బాగుచేస్తాడు. మొన్న జనవరి నెలాఖరులో హిమాయత్‌నగర్ విద్యాసాగర్ గారు తన విదేశీ కారు తెచ్చారు. ఎర్రది, ఇద్దరే కూర్చునేది, నేలకు ఆనుకున్నట్టు ఉంటుంది. ఎనభై ఆరో సంవత్సరం కారు. అందులో ముల్లు తిరిగే మీటరు కాదు, అంకెలు వెలిగే మీటరు. అది వెలగడం మానేసింది. ఆ సంవత్సరంది దొరకక విద్యాసాగర్ గారు ఎనభై తొమ్మిదో సంవత్సరం కారు మీటరు తెప్పించారు. చూడటానికి రెండూ ఒకటే. వెనక వైర్లు వచ్చే చోట్లు మాత్రం వేరు. మొదట బిగిస్తే పెట్రోలు లేకున్నా ట్యాంకు నిండా ఉన్నట్టు చూపించింది. నా కొడుకు ఒక్కో వైరు పీకి జాగా మారుస్తూ తొమ్మిది రోజులు వంగి కూర్చున్నాడు. మెడ పట్టేస్తే ఉప్పు కాపడం పెట్టాను.

కారు ఎంత దూరం తిరిగిందో చూపే చిన్న చక్రాలు ఆ మీటరు లోపలే ఉంటాయి. మీటరు మారితే అంకె మారుతుంది. పాతదానిలో ఎనభై ఒక్క వేల ఆరు వందల నలభై మైళ్లు. కొత్తగా పెట్టినదానిలో ఇరవై రెండు వేల చిల్లర. చక్రాలు విప్పి పాత అంకెకు తేవాలంటే వాటి పళ్లు అరిగిపోయి ఉన్నాయి, ముట్టుకుంటే విరుగుతాయని నా కొడుకు అన్నాడు. అందుకని ఎప్పుడూ చేసేదే చేశాడు. ఏ బండికి మీటరు మార్చినా రెండు అంకెలూ, తారీఖూ చీటీ మీద రాసి, ఓనరుతో సంతకం పెట్టించి, పాత మీటరు వెనక అతికిస్తాడు.

ఫిబ్రవరి 14, శుక్రవారం, మధ్యాహ్నం ఒంటి గంట దాటింది. నేను వాడికి అన్నం తీసుకుపోయి టిఫిన్ మూత తీస్తున్నాను. విద్యాసాగర్ గారు చీటీ చూసి నవ్వారు. "ఏంది రాఘవేందర్, కారుకు బర్త్ సర్టిఫికెట్ రాస్తున్నవా?" అన్నారు.

నా కొడుకు, "రేపు ఎవలన్న అడిగితే నేను నోరు తెరిచే పని లేకుండ, సార్. జర ఇక్కడ పెట్టుండ్రి" అన్నాడు.

ఆయన చీటీని కారు బానెట్ మీద పెట్టుకుని సంతకం చేశారు. నేను చూశాను. పాత మీటరు ఇంటికి తీసుకుపొమ్మంటే పెట్టుకునే చోటు లేదు, నీ దగ్గరే ఉండనీ అన్నారు. షెడ్డులో ఎలుకలు వైర్లు కొరుకుతాయని నా కొడుకు దాన్ని ఇంటికి తెచ్చి, దుప్పటిలో చుట్టి బీరువా కింద పెట్టాడు.

మే నెలలో ఆ కారును విద్యాసాగర్ గారు విద్యానగర్ సుమంత్ గారికి అమ్మారట, తక్కువ తిరిగిన కారని చెప్పి. తర్వాత సుమంత్ గారికి పాత సర్వీసు కాగితం దొరికింది, అందులో పెద్ద అంకె ఉంది. ఆయన కేసు పెట్టారు. విద్యాసాగర్ గారు నాకేం తెలియదు, అంతా మెకానిక్కే చేశాడన్నారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిసి ఉంటే నేను ఆ పని చేసేదాన్ని కాదు.

జూన్ 17, మంగళవారం, సాయంత్రం నాలుగు గంటలకు కానిస్టేబుల్ మా ఇంటికి వచ్చారు. షెడ్డుకు తాళం ఉంది, నీ కొడుకు ఫోను కలవడం లేదు అన్నారు. "కారు మీటర్ కేసమ్మా. పాత మీటర్ ఇంట్ల ఉన్నదా?" అని అడిగారు. మర్యాదగానే అడిగారు. నేను లేదన్నాను. అప్పుడు బీరువాకు ఆనుకునే నిలబడి ఉన్నాను. పొద్దున స్టేషన్‌కు రమ్మని వాడికి చెప్పమని చెప్పి వెళ్లారు. నేను నా కొడుకుకు చెప్పలేదు. చెబితే అన్నం తినడని చెప్పలేదు.

ఎందుకు భయపడ్డానో కూడా రాయండి. చాలా ఏళ్ల కింద నా పెనిమిటి పని చేసే చోట సిమెంటు బస్తాలు పోయాయి. మా గుడిసెకు తలుపు లేదు, మేస్త్రి ఇచ్చిన ఖాళీ సంచులే కుట్టి అడ్డం కట్టుకున్నాం. ఆ సంచులు చూపించి పోలీసులు ఆయన్ని స్టేషన్‌లో మూడు రోజులు కూర్చోబెట్టారు. ఖాళీ సంచులు, మేడం. అప్పటి నుంచి నాకు ఒకటే తెలుసు. పోలీసులు అడిగిన వస్తువు ఇంట్లో ఉండకూడదు. వస్తువు ఇంట్లో ఉంటేనే దొంగ. ఇంట్లో ఉంటే మంచిది అనే వస్తువు కూడా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

జూన్ 18, బుధవారం, పొద్దున ఆరు గంటల నలభై నిమిషాలకు చెత్త బండి వచ్చింది. నా కొడుకు నిద్రలో ఉన్నాడు. మీటరును బియ్యం సంచిలో వేసి, పైన ఉల్లిపొట్టు పోసి, నా చేత్తో నేనే ఇచ్చాను. బండి నడిపే బుగ్గయ్య, "ఏందవ్వా, గింత బరువున్నది?" అన్నాడు. పాత మిక్సీ బిడ్డా అన్నాను. నా కొడుకు పారేయమని చెప్పలేదు. వాడు లేవనే లేదు.

ఎనిమిదిన్నరకు స్టేషన్ నుంచి ఫోను వచ్చింది. నా కొడుకు ఏమీ భయపడలేదు. మీటరు ఉంది, సంతకం కూడా ఉంది, తెస్తున్నానని చెప్పి వంగి బీరువా కింద చెయ్యి పెట్టాడు. దుప్పటి ఒక్కటే వచ్చింది. నేను దాన్ని మడతపెట్టి ఉంచాను.

నేను జరిగింది చెప్పాను. వాడు నేల మీద కూర్చుండిపోయాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "నా దిక్కు మాట్లాడేది అదొక్కటే గదనే అమ్మా" అన్నాడు.

ఇద్దరం ఆటోలో బుగ్గయ్యను వెతుక్కుంటూ పోయాం. అతను సంచిలోది నారాయణగూడలో రాములు పాత సామాను దుకాణంలో ఇచ్చానన్నాడు. అక్కడికి పోయేసరికి పదకొండు. రాములు దాన్ని పగలగొట్టి రాగి తీసుకున్నాడు, మిగిలింది పది గంటల లారీకి ఎక్కింది. చీటీ కోసం దుకాణం ముందు నేలంతా వెతికాను. నల్లటి అద్దం ముక్కలు నాలుగు దొరికాయి. కొంగులో కట్టుకొచ్చాను, ఇప్పుడు మేడం గారి బల్ల మీద పెట్టాను. వీటి మీద ఏ అంకే లేదు, నాకు తెలుసు.

దుకాణం ముందే నా కొడుకు అన్నాడు. "నువ్వు నోరు తెరవకు. నిన్ను గూడ కూసోబెడ్తరు, నీకు బీపీ ఉన్నది. నేనే పారేసిన అంటా." అక్కడి నుంచి స్టేషన్‌కు పోయి అట్లాగే చెప్పాడు. వాళ్లు రాసుకున్నారు. దాంతో, అంకె తగ్గించినవాడే మీటరు పారేస్తాడు కదా అని వాడిని అక్కడే ఉంచేశారు. వాడు నా కోసం చెప్పిన అబద్ధం వాడి మెడకే పడింది.

ఎవరైనా చెప్పమంటే చెబుతున్నావా అని మేడం గారు అడిగారు. లేదు. నా కొడుకును కలవనివ్వలేదు, నేను వచ్చినట్టు కూడా వాడికి తెలియదు. సాక్ష్యం మాయం చేస్తే నీ మీద కేసు అవుతుంది, తెలుసా అని అడిగారు. తెలుసు. బుగ్గయ్యను పిలిచి అడగండి, సంచి ఎవరిచ్చారో చెబుతాడు. విద్యాసాగర్ గారిని నా ముందు నిలబెట్టి అడగండి, ఆ శుక్రవారం బానెట్ మీద సంతకం పెట్టలేదని నా మొహం చూసి అనమనండి.

రాసింది నాకు రెండుసార్లు చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది, ఎవరి బలవంతమూ లేదు. ఒక్క చోట రాసే ఆయన "నా కొడుకు చెప్పగా" మీటరు ఇచ్చానని రాశారు. ఆ మూడు మాటలు కొట్టేయించాను. కొట్టేసిన చోట ఒక వేలిముద్ర, కింద ఒక వేలిముద్ర వేశాను.

24 జూన్ 2025, హైదరాబాద్

మాసమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర