తిరుగుతున్నట్టు రుజువు

మళ్లీ మొదట్నుంచా? సరే, రాసుకో. ఝాన్సీలక్ష్మి. యాభై తొమ్మిదేళ్లు. పొద్దున్నే కాఫీకంటే ముందు బండి చుట్టూ తిరిగి టైర్లు తన్ని చూసుకుంటాను. ఏం, అలవాట్లు అక్కర్లేదా? పోనీలే అనన్యా, నా గురించి నీ కంప్యూటర్‌కి ఇంకా తెలియంది అదొక్కటే అనుకున్నాను.

నువ్వు ఇంగ్లీషులోనే అడుగమ్మా. నేను తెలుగులోనే చెప్తాను. అర్థమవుతుందిగా? మీ అమ్మమ్మ పుణ్యం. ఈ కౌన్సిల్ ఆఫీసు మొత్తంలో నా తిట్లు నేరుగా చేరేది నీ ఒక్కదానికే.

ఇంతకీ నా అప్లికేషన్ ఎందుకు ఆగిందంటావు? రుజువు లేదా? దేనికి రుజువు? నేను తిరుగుతున్నట్టా!

ఆహా. ఏం పాలసీ తల్లీ! ఊళ్లు తిరిగి బతికేవాళ్ల కోసం సైటు కట్టిస్తారట. నీళ్ల ట్యాంకు వెనకాల, పడక, వంటిల్లు ఉన్న కాసిని ఆర్‌వీ బండ్లకి చోటు, ఒక్కో బండికీ కరెంటు ప్లగ్గు, నీళ్ల పంపు. అదీ వచ్చే మంగళవారం కౌన్సిల్ హియరింగులో ఓకే అయితేనే. కానీ చోటు కావాలంటే పనికోసం తిరుగుతున్నట్టు చూపించాలి. ఈ ఊళ్లోనే పాతుకుపోయినట్టూ చూపించాలి. రెండూ ఒకే మనిషి, ఒకే ఏడాదిలో! ఇది రాసినాయన ఎప్పుడైనా బండిలో పడుకున్నాడా? నవ్వకు, నవ్వకు. నీ ఉద్యోగం పోతుంది.

ఆ ప్లగ్గు నాకెందుకో చెప్పనా? మైనస్ ఇరవైలో హీటరు ఆగిందనుకో, ముందు పైపులు గడ్డకడతాయి, తర్వాత నేను. పోయిన చలికాలమంతా ప్లాజా పార్కింగుల్లో గడిపాను. బైలా ఆఫీసరు ఇక్కడ ఆపకూడదని తలుపు కొట్టినప్పుడల్లా ఇంకో పార్కింగుకి మార్చాను. అది తిరగడం కాదట. మరి దాన్నేమంటారో!

ఆర్‌వీలో ఎందుకున్నానా? విడాకులమ్మా. ఆయనకి ఇల్లు, నాకు సెలవులకని కొన్న ఆర్‌వీ. త్వరగా తెమిలిపోతే చాలని నేనే ఊఁ అన్నాను. సమానమేగా, రెండిటికీ కిటికీలున్నాయి! ఆయన పక్కన కూర్చుని ఇదే బండిలో వెళ్తుంటే 'ఎంత అడ్వెంచరస్ జంటండీ' అనేవారు అందరూ. ఇప్పుడు ఒక్కదాన్నే పడుకుంటే న్యూసెన్స్ అంటున్నారు. బండి మాత్రం అదే. కర్టెన్లు కూడా మార్చలేదు.

పనా? ఊరూరా వంట. మార్కమ్‌లో సీమంతం, స్కార్‌బరోలో గృహప్రవేశం, కనాటాలో సత్యనారాయణ వ్రతం. గిన్నెలు, గరిటెలు బండిలో వేసుకుని వెళ్తాను. వాళ్ల గరాజీలో పెద్ద స్టవ్ పెట్టి వండుతాను. చుట్టాలొచ్చే ముందు బండి పక్క వీధిలోకి తీసెయ్యమంటారు, ఫోటోల్లో బాగోదని. మన తెలుగువాళ్లు కదా, సిగ్గు ఎక్కువ. ఆకలి ఇంకా ఎక్కువ.

మరి అలా తిరిగినట్టు రసీదులేవంటావా? అక్కడికే వస్తున్నా.

వీరరాఘవులు గారు తెలుసుగా? రిటైర్డ్ ప్రొఫెసరు, నీళ్ల ట్యాంకు ఇవతల పెద్ద ఇల్లు. ఈ సైటు రాకూడదని కమిటీ పెట్టింది ఆయనే. పోయిన నెల వాళ్లింటి బేస్‌మెంటులో మీటింగు. మీటింగంటే తిండి ఉండాలిగా? వంట ఎవరిది? ఇంకెవరిది! నన్ను ఊళ్లోంచి పంపించే మీటింగుకి పులిహోర కలిపింది నేనేనమ్మా. మిరపకాయ బజ్జీ కూడా.

నేను బండిలో ఉంటానని అప్పటికి వాళ్లకి తెలియదు. కనాటాలో మా చెల్లెలింట్లో ఉంటాననుకునేవారు. నేనే అలా అనుకోనిచ్చాను.

ఒకాయన ఇళ్ల ధరలు పడిపోతాయన్నాడు. ఒకావిడ పిల్లల భద్రత అంది, ఆవిడ పిల్లలు వాంకూవర్‌లో లాయర్లు. ఇంతలో రాఘవులు గారు బజ్జీ నములుతూ, "అసలు వాళ్లెక్కడ స్నానం చేస్తారండీ? వాళ్ల చేతి మంచినీళ్లు తాగగలమా?" అన్నారు.

నోరు ఊరుకుంటుందా? గరిటె పట్టుకునే అన్నాను. "నా చేతి పులిహోర మూడోసారి వడ్డించుకున్నారు రాఘవులు గారూ. స్నానం పొద్దున్నే చేశాను. బయట ఆగిన ఆ ఆర్‌వీలోనే."

అబ్బ, అప్పుడు చూడాల్సింది! ఒకావిడ పేపరు ప్లేటు మెల్లగా కుర్చీ కిందకి తోసేసింది.

అంతే. మర్నాటినుంచి ఫోన్లు. "ఆంటీ, ఈసారి సింపుల్‌గా చేసుకుంటున్నాం." "అక్కా, మావారు హెల్త్ ఇన్‌స్పెక్షన్ అంటున్నారు." ఇన్నాళ్లూ నా గారెలు తింటుంటే ఆయన గారికి ఏ ఇన్‌స్పెక్షనూ గుర్తు రాలేదు మరి. ఒక్క ఆర్డరు మిగల్లేదు, పాత వంటలకి రసీదు రాసిచ్చేవాళ్లూ లేరు. ఆర్డరు లేకపోతే ప్రయాణం లేదు. ప్రయాణం లేకపోతే నీ లెక్కలో నేను తిరిగేదాన్ని కాను. సైటు గురించి నోరు తెరిచినందుకే ఆ సైటుకి పనికిరాకుండా పోయాను. చూశావా, ఎంత చక్కగా అతికిందో!

ఏమంటున్నావ్? ఒక్క కొత్త రుజువున్నా ఫైలు తెరిచి ఉంచుతావా?

ఉంది. వస్తుంది. ఎలాగా అని అడక్కు... సరే, చెప్తాను. నీకు కాక ఎవరికి చెప్పను?

పొద్దున విశాలాక్షి గారు ఫోన్ చేశారు. రాఘవులు గారి భార్య. శనివారం కనాటాలో కొడుకు అనంత్ ఇంట్లో మనవరాలి ఓణీల ఫంక్షన్. కేటరింగువాళ్లు చేతులెత్తేశారట. "ఝాన్సీ, మనసులో ఏం పెట్టుకోకు. బండి స్కూలు వెనకాల ఆపి, గరాజీ వైపునుంచి వచ్చెయ్" అంది. పైన డ్రోన్‌తో వీడియో తీస్తారట. ఆకాశంలోంచి కూడా నేను కనపడకూడదు.

వస్తానన్నాను.

అలా చూడకు. వట్టినే అనలేదు. వంటపనికి ఈ ఊరినుంచి కనాటా వచ్చానని రాఘవులు గారు స్వయంగా రాసి సంతకం పెట్టాలన్నాను. పెడతారట! ఈ సైటే వద్దనే పెద్దమనిషి, నేను ఆ సైటుకి తగినదాన్నని సంతకం పెడతారు. తిండి దగ్గరకొచ్చేసరికి ఆయనంత విశాలహృదయుడు లేడు.

ఆఁ, ఆవిడ ఊరికే ఒప్పుకుందా? ఒక్కటడిగింది. మంగళవారం హియరింగులో నేను నోరెత్తకూడదట. ఆ బండ్లలో ఉండేవాళ్లు ఇంకెవరూ మైకు దగ్గరికి రారని వాళ్లకి తెలుసు. నేను మాట్లాడకపోతే సైటు వచ్చేలా లేదనీ తెలుసు. రాని సైటులో చోటు కోసం నేను నోరు మూసుకోవాలి.

సరేనన్నాను అనన్యా. ఆవిడ అడగ్గానే, ఆలోచించకుండా, సరేనండీ అన్నాను. ముప్ఫై ఏళ్ల కాపురం చేసిన నోరు కదా, ఆ మాట దానంతటదే వచ్చేస్తుంది.

ఏం చెయ్యమంటావ్? చలి వస్తోంది. ఫైలు తెరిచి ఉంచు.

శనివారం ఝాన్సీలక్ష్మి కనాటాలో వండింది. రాఘవులు గారి సంతకం తీసుకుని సోమవారం అనన్యకి ఇచ్చింది. మంగళవారం హియరింగుకి వెళ్లి, పేరు పిలవగానే లేచి సైటు కావాలని మాట్లాడింది.