రెండో పిడికిలి

హెప్సిబా చెవుల్లో బియ్యం పోసిన చప్పుడయ్యేదంట. ఇంట్లో కాదమ్మా, పట్నంలో నూలు మిల్లులో! చుట్టూ మిషన్ల హోరు, దూది నూగు మంచులాగా గాల్లో తేలుతుంటది, పక్కనోళ్ళు గొంతు చించుకున్నా వినపడదు. అట్టాంటి చోట, పొద్దున్నే మనం పొయ్యి ముట్టించే వేళకి, జల్లుమని ఒకసారి. కాసేపాగి జల్లుమని ఇంకోసారి. డబ్బా అడుగున గింజలు రాలినట్టు. పక్క మిషను పిల్లకి చెబితే, మిల్లు చెవుడే నీకు, చెవుల్లో దూది పెట్టుకో అని నవ్విందంట. పెట్టుకున్నా వినపడేది.

ఎవరా పిల్లంటారా? మన పాలెం సువార్తమ్మ మనవరాలు. తల్లీ తండ్రీ లేకపోతే ఆ ముసలామే పెంచింది. సువార్తమ్మకి బొత్తిగా చెవుడు, గుళ్ళో పాట ఎత్తుకుంటే పక్కనోళ్ళ పెదాలు చూసి అందుకునేది. పద్దెనిమిదేళ్ళొచ్చినాక హెప్సిబా మిల్లు పనికి పోయి హాస్టల్లో చేరింది. మొదట్లో ఆదివారం ఆదివారం అక్కడి గుడికి పోయింది. పెద్ద గుడి, ఎవరి పిల్లవమ్మా అని అడిగినోళ్ళు లేరు. అయినా పోయింది. తర్వాత ఏమైందంటే, పక్క మంచం పిల్ల నాగరత్నానికి జొరం తగులుకుంది. హెప్సిబాకి ప్రాణంలాంటి పిల్ల. మూడు రోజులు మోకాళ్ళ మీద నుంచి లేవకుండా ప్రార్థన చేసిందంట. నాగరత్నం పోయింది. ఆ వారం హెప్సిబా గుడికి పోలా. పై వారమూ పోలా. ఇక ఆదివారం అంటే బట్టలుతుక్కునే రోజనుకో. అట్టా రెండేళ్ళు. ఊరి నుంచి ఎవరొచ్చినా, "గుడికి పోతన్నావా అని మీ నాయనమ్మ అడగమంది" అంటే "ఆఁ" అనేది. ఇక దాచలేను, ముసలిదానికి ఎదురుగానే చెప్పేస్తానని సెలవు పెట్టి ఊరొచ్చింది.

వచ్చిన మర్నాడు తెల్లారగట్ల మంచం మీద మగతగా ఉంది. కల. దూది మంచులో నడుస్తంది, ముందు నాగరత్నం పోతంది, పైనుంచి తెల్లగా గింజలు రాలుతున్నాయి. జల్లుమంది. కళ్ళు తెరిచింది. పొయ్యి దగ్గర సువార్తమ్మ! మనం ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేస్తాం గదా, ఆదివారం గుడికి తీసుకుపోతే సంఘపెద్ద జకరయ్య ఇచ్చినోళ్ళ పేర్లు చదివి, ఆ బియ్యం లేనోళ్ళింటికి పంపుతాడు గదా, ఆ పిడికెడు వేస్తంది. వేసి, కాసేపు కళ్ళు మూసుకుని, ఇంకో పిడికెడు వేసింది. జల్లు. అదే చప్పుడు.

"రెండోదెవరిది నాయనమ్మా?" అని ఎదురుగా పోయి అరిచింది హెప్సిబా. "నీదేనే. హాస్టల్ కూడు తినేదానివి, నీకు ఎసరెక్కడిది? నీ పేరున నేనేస్తన్నా. వారం వారం జకరయ్య చదువుతున్నాడు." హెప్సిబా తల దించుకుని మెల్లగా, నేను గుడికి పోటంలా అంది. "ఏందే?" అంది ముసలామె. ఇంకొంచెం గట్టిగా అంది. "ఏందే, నోట్లో నాలిక లేదా?" చివరికి తలెత్తి, వీధంతా వినపడేట్టు, "నేను గుడికి పోటంలా! రెండేళ్ళయింది! నేనియ్యంది నా పేరున చదివిస్తే అబద్ధం కాదా?" అని అరిచి ఏడ్చింది. సువార్తమ్మ డబ్బాకి మూత పెట్టింది. "అబద్ధమేలే," అంది. "నాకు తోచలా. ఆదివారం పోయి నువ్వే కొట్టేయించుకో తల్లీ. నాకైతే నోరు రాదు."

ఆదివారం గుడి వాకిట్లో జకరయ్య పుస్తకం పెట్టుకుని కూర్చున్నాడు. నా పేరు కొట్టెయ్యి తాతా అంటే కళ్ళజోడు తీసి, "ఎందుకమ్మా?" అన్నాడంట. చూడండి, రెండేళ్ళలో ఆ మాట అడిగింది ఆయనొక్కడే. నాగరత్నం సంగతంతా చెప్పుకుంది. దేవుడు వినలేదు తాతా అంది. ఆయన వాక్యం చెప్పలా, మందలించలా. "మా పెద్దపిల్ల పోయినప్పుడు నేనూ అడిగానమ్మా. ఇరవయ్యేళ్ళాయె, ఆయనింకా చెప్పలా. అడగటానికైనా రావాలి గదా అని వస్తన్నా. ఇంద పెన్ను." హెప్సిబా తన చేత్తోనే కొట్టేసింది. ఆరోజు పేర్లు చదువుతుంటే సువార్తమ్మ జకరయ్య పెదాలే చూస్తంది. మనవరాలి పేరు రావాల్సిన చోట రాలా. తల దించుకుంది.

హెప్సిబా మిల్లుకి తిరిగిపోయింది. చెవుల్లో రెండో చప్పుడూ లేదు, మొదటిదీ లేదు. మిషన్ల హోరే. మూడు రోజులు ఓర్చుకుంది. నాలుగోరోజు పొద్దున్నే హాస్టల్ వంటామె దగ్గరికి పోయి, "అక్కా, నా వంతులో ఒక ముద్ద తగ్గించు, ఆ పిడికెడు బియ్యం నా చేతికియ్యి" అంది. ఎవరికే అంటే, "నాగరత్నం కోసం ప్రార్థన మొదలుపెట్టా గదక్కా. ఇంకా ఆమేన్ అనలా" అందంట. ఖాళీ పౌడరు డబ్బాలో పోసింది. జల్లుమంది.

ఇక్కడ పాలెంలో సువార్తమ్మ అబద్ధం వద్దని ఒక్క పిడికెడే వేస్తంది. ఆ పొద్దున వేసి మూత పెట్టబోతూ ఆగిందంట. డబ్బా అక్కడే వదిలేసి జకరయ్య ఇంటికి పోయి, పిల్ల పేరు మళ్ళీ రాయి అంది. ఎవరు చెప్పారమ్మా అంటే, ఎవరూ చెప్పలా, వినపడింది అంది. ఆయన రాశాడు.

అరవై మైళ్ళ అవతల గింజ రాలితే చెవిటామెకి ఎట్టా వినపడిందని నన్నడగమాకండి. సువార్తమ్మ మా అమ్మమ్మకి సొంత అక్క. చిన్నప్పుడు నేను ఆమె ఒళ్ళో కూర్చుని చెవిలో అరిచినా పలికేది కాదు. పొద్దున్నే ఆ వేళకి మాత్రం, ఏ పనిలో ఉన్నా, పట్నం వైపు తల తిప్పేది.