జ్ఞానశేఖర్ నిట్టూర్పు మిషను

కార్ఖానా ఏరియాలో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్ ఆ ఆదివారం సాయంత్రం తొందరగానే అయిపోయింది. ఫ్లాస్కులో టీ ఇంకా ఉంది, సెల్లార్‌లో వేసిన కుర్చీలు ఉన్నాయి, కాబట్టి ఎవరూ లేవలేదు. రామభద్రరావు గారు పేపర్లో చదివిన సంగతి ఎత్తారు. బూతు సైట్లు తెరవాలంటే ముందు వయసు రుజువు చూపించాలని ఇంగ్లండులో చట్టం వచ్చిందట, మన దగ్గరా అలాంటిది గట్టిగా రావాలని ఆయన వాదన. గుంటూరు నుంచి వచ్చి స్టీలు సామాన్ల కొట్టు పెట్టుకున్న మనిషి. దేనికైనా తాళం వేస్తే సరిపోతుందంటారు.

ఝాన్సీలక్ష్మి ఒప్పుకోలేదు. ఆమె బేగంపేటలో ఒక కంప్యూటర్ కంపెనీలో పని చేస్తుంది. ఆధార్ కార్డు పట్టుకెళ్లి అలాంటి సైటు చేతిలో పెడతామా, రేపు ఆ పేర్లన్నీ బజారున పడితే ఎవరు దిక్కు అని అడిగింది. పిల్లల్ని ఆపాల్సిందే, దానికోసం పెద్దల గుట్టు ఎందుకు అప్పజెప్పాలి అంది. టీచరు గ్లోరియా మాత్రం ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

అప్పుడు జ్ఞానశేఖర్ గారు టీ గ్లాసు కింద పెట్టారు. ఆయన గ్లాసు కింద పెట్టి కథ ఎత్తారంటే ఇక ఇంట్లో వంట సంగతి మరిచిపోవాల్సిందే.

"ఈ లొల్లి మీకు ఇయ్యాల వచ్చింది రావుగారూ, నాకు ఎప్పుడో వచ్చింది. రెజిమెంటల్ బజార్ల మా దోస్తు వెంకటరత్నం నెట్ సెంటర్ నడిపేటోడు, అప్పటి మాట. మీసాలు రాని పోరగాళ్లు వచ్చి క్యాబిన్ల కూసుంటున్నరు, పోలీసోళ్లొచ్చి వార్నింగ్ ఇచ్చిపోయిన్రు. ఐడీ అడిగితే అన్న కార్డు తెస్తున్నరు, నాయినది తెస్తున్నరు, ఒకడైతే వాళ్ల నానమ్మ రేషన్ కార్డు తెచ్చిండు. వెంకటరత్నం పరేషాన్ అయిపోయి, శేఖర్, జెర నువ్వు తలుపు కాడ కూసో అన్నడు. కూసున్న. ఏం చేసిన్నో తెలుసా? ఎవ్వడొచ్చినా ఒకటే మాట చెప్పిన, తమ్మీ, మీ ఇంట్ల బోరు మోటారు కాలిపోయిందట అని. పిల్లగాడైతే, అట్లనా అంకుల్ అని లోపలికి పోబోతడు. పెద్దోడైతే ఉన్నకాడ్నే నిలబడి ఒక నిట్టూర్పు ఇడుస్తడు. అంతే. నిట్టూర్చినోడు లోపలికి, నిట్టూర్చనోడు ఇంటికి."

ఇదేదో బాగానే ఉందండీ అన్నారు రామభద్రరావు గారు. నిజంగానే బాగుంది. ఆయన అక్కడితో ఆగి ఉంటే అందరం నమ్మేవాళ్లం.

"ఆగుండ్రి, అసలు కథ ఇప్పుడు షురూ అయితది. మనిషిని ఎంతసేపని తలుపు కాడ కూసోబెడతం? గందుకే ఆ నిట్టూర్పును కంప్యూటర్ల పెట్టిన. ఒక మైకు, ఒక డబ్బా, పాత మిక్సీల నుంచి తీసిన మోటారు. మైకు ముందల నిట్టూరిస్తే వయసు తెర మీద పడతది, ఏండ్లే కాదు, నెలలు సుత. మా ఇంటామె దేవకృప ఒకనాడు దాని ముందల నిలబడి, నాతోని ఎట్ల ఏగాలె దేవా అని నిట్టూర్చింది. నూటపది అని చూపించింది. మిషను ఖరాబయిందనుకున్న. కాదు, అది నాతోని కాపురం చేసిన కష్టం సుత కలిపి లెక్కేసింది. అంత నిజాయితీ గల మిషను.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంగ్లండోళ్లకు ఈ ముచ్చట ఎట్ల తెలిసిందో తెలిసింది. విమానమేసుకొని బేగంపేటల దిగిన్రు."

బేగంపేటలో మామూలు విమానాలు దిగడం ఎప్పుడో మానేశాయి కదండీ అన్నారు రావుగారు.

"మామూలు విమానాలు మానేసినయి. ఇది నా కోసం వచ్చిన విమానం. గేటు తాళాలు తుప్పు పట్టినయంటే నేనే కొబ్బరినూనె పట్టుకపోయి తీపిచ్చిన. సరే, వాళ్లు ఏడ్చినంత పని చేసిన్రు. సార్, మా దేశంల సగం మంది కార్డు చూపియ్యాలంటున్నరు, సగం మంది మా గుట్టు మీకెందుకంటున్నరు, ఇండ్లల్ల మొగుడూ పెండ్లాలు మాట్లాడుకుంటలేరు అన్నరు. నేనేమన్ననంటే, బాబూ, నిట్టూర్పుకు పేరు ఉండదు, అడ్రస్ ఉండదు, కులం ఉండదు, దాన్ని దొంగిలించి ఎవ్వడు ఏం చేసుకుంటడు అన్న. నన్ను అదే విమానంల తీస్కపోయిన్రు.

అక్కడ పెద్ద సభ. సూట్లేసుకున్నోళ్లందరూ వరుసగా కూసున్నరు. నేను మైకు పెట్టి, మీ అందరి బోరు మోటార్లు కాలిపోయినయి అన్న. ఒక్కసారే నిట్టూర్చిన్రు సూడు, కిటికీలు ఊడి నదిల పడ్డయి. నది ఎనక్కి పారింది. పడవలు బయలెల్లినకాడికే మళ్లొచ్చినయి. ఒకాయన మాత్రం నిట్టూర్చలే, మైకుల అట్లనా అన్నడు. బట్టతల, చేతికర్ర, ఆ దేశంల మస్తు పెద్ద మనిషి. మిషను ఆయనకు పదకొండేండ్లని చూపించింది. అందరూ నా మీద గరమైన్రు. తీరా కనుక్కుంటే ఇప్పటికీ ఆయన బూట్లకు వాళ్లమ్మనే లేసులు కడ్తదట."

శేఖరన్నయ్యా, పిల్లలు ఫోను వేరే దేశంలో ఉన్నట్టు చూపించి దొంగదారిన వెళ్తారుగా, వాళ్లనేం చేశారు అని ఝాన్సీలక్ష్మి అడిగింది.

"మంచిగడిగినవ్ చెల్లే. ఒక పోరడు గట్లనే తన నిట్టూర్పును నార్వే దేశం మీదికెల్లి పంపిండు. నేను ఒక్కసారి ఇని, వీడు లండన్లనే మంచం మీద పండుకున్నడు పట్టుకోండ్రి అన్న. ఎట్ల తెలిసిందంటవా? నార్వే గాలి అయితే చల్లగుండాలె, ఇది దుప్పటి కింద గాలి. ఆ దెబ్బకు పిల్లలందరూ సైట్లు ఇడిచిపెట్టి పుస్తకాలు పట్టుకున్నరు. పెద్దోళ్లు పొద్దుమూకంగనే నిట్టూర్చుడు షురూ చేస్తే ఊరూరి గాలిమరలు గిర్రున తిరిగి, మిగిలిన కరెంటు ఫ్రాన్సుకు పంపిన్రు. నాకు కోట ఇస్తమన్నరు. గుర్రాలు ఇస్తమన్నరు. అక్కడ చేపల పులుసుకు చింతపండు దొరకదని తిరిగొచ్చిన."

రామభద్రరావు గారు కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. అప్పుడు గ్లోరియా నోరు విప్పింది.

"అన్నా, లండన్ సంగతి సరే. మా ఆషర్ ఏడో తరగతి. మొన్న ఫోన్లో క్రికెట్ గేమ్ వెతుకుతుంటే ఏదో తెరుచుకుందట. వాడే ఫోను బోర్లించి పట్టుకొచ్చి నా చేతిలో పెట్టాడు. అప్పట్నుంచి నా మొహం చూడట్లేదు. చట్టం ఎప్పుడొస్తుందో నాకు తెలీదు. దీనికి ఇప్పుడే ఏదన్నా చెయ్యి."

నవ్వులు ఆగిపోయాయి. జ్ఞానశేఖర్ గారు ఫోను అందుకుని ముందు చూశారు, వెనక చూశారు, ఏదో నొక్కితే లైటు వెలిగింది, మళ్లీ నొక్కితే ఆరిపోయింది. ఆదివారం లండన్ సర్వర్ బంద్ ఉంటదమ్మా అన్నారు, గొంతు బాగా తగ్గించి.

ఝాన్సీలక్ష్మి ఆయన చేతిలోంచి ఫోను తీసుకుని గ్లోరియా పక్కకు కుర్చీ జరుపుకుంది. సెట్టింగులు తెరిచి, పిల్లాడికి వేరే అకౌంటు పెట్టి, ఏది తెరుచుకోవాలో ఏది కూడదో గ్లోరియా చేతనే నొక్కించింది. అయ్యాక ఫోను తిరిగిచ్చి, ఇదీ పూర్తిగా ఆపదక్కా, తెలివైన పిల్లలు ఏదో దారి వెతుక్కుంటారు అంది.

"కానీ వాడు దాచుకోకుండా తెచ్చి నీకిచ్చాడు చూడు, అది మాత్రం పోగొట్టుకోకు. తిట్టకుండా మాట్లాడు."

గ్లోరియా ఫోను సంచిలో వేసుకుంది. వాడితో ఏం మాట్లాడాలో తెలీక నేనే వాడి మొహం చూడలేదనుకుంటా అంది. రాత్రి అన్నాలప్పుడు వాడి పక్కనే కూర్చుంటానంది. ఆమె మొహంలో కొంచెం తేట వచ్చింది.

ఆ తేట చూసి జ్ఞానశేఖర్ గారికి ప్రాణం లేచొచ్చింది. నా మిషను పెట్టినా గంతే అయ్యేది, సెల్లార్ల సిగ్నల్ లేక ఊకున్న అన్నారు. పోనీ ఆ మిషను సంగతేదో మీ కంపెనీలో చెప్పి చూడమ్మా, దేశానికి పనికొస్తుంది అని రామభద్రరావు గారు ఝాన్సీలక్ష్మి వైపు తిరిగారు.

"చెప్పొచ్చు బాబాయ్ గారూ. కాకపోతే మొన్న శేఖరన్నయ్య విజయవాడ టికెట్టు తీసిపెట్టమని నా దగ్గరికొచ్చారు. ముందు తనే ప్రయత్నించారట. మీరు రోబో కాదని రుజువు చేయండి, ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలు నొక్కండి అని సైటు అడిగింది. అన్నయ్య స్తంభాలు నొక్కారు, బస్సులు నొక్కారు, ఒక ఆవును కూడా నొక్కారు. చివరికి సైటే తలుపేసుకుంది. దేశం వయసు సంగతి తర్వాత చూద్దాం. అన్నయ్య మనిషేనని ఇంకా తేలలేదు."